కండువా కింద పొగ టికెట్

ఫిబ్రవరి 11, 2025

ఒరేయ్ త్రినాథూ, ఎలా ఉన్నావురా? రాయడం ఆలస్యమైంది, తిట్టుకోకు. మిర్చి సీజన్లో తల గోక్కోడానికి తీరిక ఉండదని నీకు తెలియంది కాదు.

పొద్దున్నే టీ తాగుతూ నీకు వాయిస్ మెసేజ్ పెట్టడం నాకు అలవాటైపోయింది. నువ్వేమో సంక్రాంతి దాటాక వినడం మానేశావు. నీలం టిక్కులు కూడా పడట్లేదు. ఆ మాటలన్నీ ఎక్కడ పోసుకోవాలో తెలియక ఫోన్లో ఈ నోట్సు తెరిచాను. ఇది నీకు పంపనులే. పంపనని తెలిస్తే వేలు చకచకా నడుస్తోంది, అదొక సుఖం.

నిన్న సిద్దికా అన్నం పెడుతూ అడిగింది. "నిక్షేపం లాంటి డీజిల్ ట్రాలీ. అందరికంటే ముందు నువ్వే ఎందుకు అమ్మావయ్యా?"

"త్రినాథ్ మాట ఇచ్చాడే" అన్నాను.

"మాట ఇస్తే బండి అమ్ముతారా? రేపు ఇంకో మాట ఇస్తే నన్నూ అమ్ముతావా?"

"నిన్నెవరు కొంటారే" అన్నాను. గరిటె విసిరింది. నవ్వుకున్నాం. కానీ నవ్వాక కూడా ఆ ప్రశ్న అక్కడే కూర్చుంది.

దానికి చెప్పిందీ, చెప్పనిదీ నీకు చెబుతున్నాను. మన వేములబండ కోల్డ్ స్టోరేజీల రోడ్డు పోయినేడు ఎట్లా ఉంది? ఆరు బస్తాలేసుకుని ఒక బండి, నాలుగేసుకుని ఇంకో బండి, సగం ఖాళీగా, వెనకాల నల్లటి పొగ. ఆ రోడ్డు పక్క షెడ్లలోనే మా జాన్‌బీ అక్క, ఇంకో వంద మంది ఆడవాళ్ళు తొడిమలు తీస్తారు. పక్కనే బడి. పంచాయతీ, కోల్డ్ స్టోరేజీల వాళ్ళు, నువ్వు ప్రెసిడెంటుగా ఉన్న బళ్ళ సంఘం కలిసి రోడ్డు కమిటీ అన్నారు. పొగ టికెట్ అన్నారు. డీజిల్ బండి ఖాళీగానో సగంగానో వస్తే నిండు టికెట్, నిండుగా వస్తే సగం టికెట్, బ్యాటరీ బండికి అసలు లేదు. వచ్చిన డబ్బుతో గేటు దగ్గర చార్జింగు పెడతారు.

కార్తీకంలో ఆ మీటింగులో బళ్ళవాళ్ళు ఒక్కడూ ఒప్పుకోలేదు. నువ్వు కండువా తీసి నా చేతి మీద కప్పావు. మిర్చి యార్డులో ఇప్పుడంతా కంప్యూటర్లోనే వేలం పాటలు, మనూరి కల్లాల్లో మాత్రం ఇంకా కండువా కింద వేళ్ళతోనే కదా బేరం. అందరూ చూస్తుండగానే చేతులు కలిపాం. టికెట్ ఎన్ని సీజన్లు ఉంటుందన్నాను, నా మూడు వేళ్ళు పట్టుకున్నావు. మధ్యలో ఎవరికైనా టికెట్ వదిలేస్తారా అని నీ చెవిలో అడిగాను. నా పిడికిలి మూసేశావు. పిడికిలి మూస్తే లేదని. తర్వాత అరచెయ్యి నొక్కావు. ఖాయమని.

"నువ్వు ముందు అమ్మరా వలీ. నీ వెనకాల అందరూ వస్తారు. నేనూ వస్తా" అన్నావు పైకి.

అంతే. నేను బ్రోకరుకి ట్రాలీ అమ్మేశాను. బ్యాటరీది తెచ్చాను. దాన్ని పూజకి పెదకాకాని తీసుకెళ్ళే రోజు నువ్వు రాలేదు, చీరాలలో పెళ్ళి అన్నావు. నీ పనులు నీకుంటాయి.

ఇప్పుడు బాగానే ఉంది. రైతులకి ఫోన్ చేసి, వెంకయ్యగారి పది బస్తాలు, పక్క చేనువాళ్ళ రెండు బస్తాలు ఒకే బండిలో వేయిస్తున్నాను. మాట్లాడ్డమే నా పెట్టుబడి, నీకు తెలుసుగా. రోడ్డు మీద బళ్ళు సగమయ్యాయి. జాన్‌బీ అక్క ఏమందో చెప్పనా? "ఒరేయ్ వలీ, ఇన్నేళ్ళకి తెలిసిందిరా, నాది మిరపకాయ దగ్గు వేరు, బండి దగ్గు వేరు. ఒకటి తగ్గింది."

నీకు చెప్పాలనిపించింది. ఫోన్ ఎత్తు ఒకసారి.

ఫిబ్రవరి 15

వెంకయ్యగారు వేరే బండికి సరుకు వేశారు. "వాడు తక్కువకి వస్తానన్నాడు వలీ, ఏమనుకోకు" అన్నారు. ఏమీ అనుకోలేదు. టికెట్ కట్టి కూడా నాకంటే తక్కువకి ఎట్లా వస్తాడో లెక్క తేలలేదు. కొత్తవాడేమో, చేతులు కాల్చుకున్నాక తెలుస్తుంది.

ఫిబ్రవరి 20

కాల్చుకోవట్లేదు.

గేటు దగ్గర టికెట్లు చింపే అల్లాబక్షుతో బీడీ కాలుస్తూ నిలబడ్డాను. మూడు నీలం రంగు డీజిల్ ట్రాలీలు వరసగా వచ్చాయి. అల్లాబక్షు గేటు కర్ర ఎత్తేశాడు, టికెట్ చింపలేదు.

"ఏరా, కళ్ళు కనపడట్లేదా?" అన్నాను.

"కనపడబట్టే ఎత్తానన్నా. ఆళ్ళకి సీజన్ పాస్ ఉంది."

"అదెప్పుడొచ్చింది?"

"సంక్రాంతి ఎళ్ళాక. మీ సంఘం సంతకమే."

"ఎవరి బళ్ళు?"

అల్లాబక్షు బీడీ పారేసి కాలితో నలిపాడు. నలిపిందే నలిపాడు. "నన్నెందుకన్నా అడుగుతావ్? నేను కర్ర ఎత్తేవాణ్ణి" అన్నాడు.

సంఘం అంటే నువ్వొక్కడివే కాదుగా. సెక్రటరీ ఉన్నాడు, ఇంకో నలుగురున్నారు. ఎవరో నీ పేరు చెప్పి రాయించి ఉంటారు.

ఫిబ్రవరి 21

నీకు తెలిసి ఉండదు.

మార్చి 3

రంజాన్ నెల, రోజా రెండోది. నోరు ఎండిపోయి ఉంది, అందుకే ఎవరితోనూ మాట్లాడలేదు అనుకుంటున్నాడు అల్లాబక్షు. మంచిదే.

బ్యాటరీ చార్జింగుకి పెట్టి షెడ్డు నీడన కూర్చున్నాను. ఒక నీలం ట్రాలీ వెనక్కి వచ్చి షెడ్డు ముందు ఆగింది. ఎనిమిది బస్తాలు కూడా లేవు. డ్రైవరు దిగి వెనక రేకు దించబోతే రాలేదు. పైకి లేపి, ఎడమ పక్కకి జరిపి, అప్పుడు దించాడు.

ఆ రేకు అట్లా ఎందుకు తెరవాలో ఈ లోకంలో ఇద్దరికే తెలుసు.

గుర్తుందా? ఆ డీజిల్ బండి కొత్తగా కొన్నప్పుడు పెదకాకాని తీసుకెళ్ళాం. గుడి దగ్గర నువ్వు నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించావు, దర్గా దగ్గర నేను పచ్చ గుడ్డ కట్టించాను. "ఇద్దరు దేవుళ్ళకీ చెప్పాం, ఇంక ఇన్సూరెన్సు ఎందుకురా" అని నువ్వే స్టీరింగు పట్టి వెనక్కి తీశావు. కరెంటు స్తంభానికి కొట్టావు. రేకు మధ్యలో చెయ్యి మడిచినట్టు సొట్ట. నేను తిట్టబోతే, "నిమ్మకాయలు ముందు వైపు చూసుకుంటాయిరా, వెనక వైపు వాటి డ్యూటీ కాదు" అన్నావు. రోడ్డు మీద పడి పడి నవ్వాం. ఆ సొట్ట నేను ఎప్పుడూ కొట్టించలేదు.

దగ్గరికెళ్ళి చెయ్యి పెట్టి చూశాను. నీలం రంగు కింద అదే సొట్ట. నా అరచెయ్యి అందులో సరిగ్గా కూర్చుంది.

"ఎవరిది బాబూ బండి?" అన్నాను డ్రైవరుతో.

"త్రినాథ్‌గారి బామ్మర్దిదండి. మొత్తం తొమ్మిదున్నాయండి. పొగ టికెట్ భయానికి జనం అడ్డికి పావుశేరు అమ్మేస్తుంటే త్రినాథ్‌గారే బ్రోకరుని పెట్టి కొనిపించారండి." గొప్పగా చెప్పాడు. వాడి తప్పేముంది.

మార్చి 4

నీలం రంగు ఎవరైనా వేసుకుంటారు. సొట్టలు ఎవరి బండికైనా ఉంటాయి.

మార్చి 9

మీ కొట్టుకొచ్చాను. నువ్వు నన్ను చూసి లేచి, "రారా వలీ, రా" అని కుర్చీ తుడిచావు. ఇన్నాళ్ళలో నా కోసం ఎప్పుడూ కుర్చీ తుడవలేదు నువ్వు. అప్పుడే తెలిసిపోయింది.

ఇందులో రాసుకుంటున్నాను, మర్చిపోకుండా. రేపు మళ్ళీ నీ వైపు నుంచి నేనే వాదించుకుంటానేమో, అందుకని.

"ఆ బళ్ళు నీవేనా?" అన్నాను.

"బామ్మర్దివి."

"త్రినాథూ."

నువ్వు కాసేపు ఫ్యాను వంక చూశావు. "అవున్రా, నావే. అయితే ఏంటి? ఎవరో ఒకడు కొనాల్సిందే కదా. నేను కొంటే తప్పేంటి?"

"నా బండి కొనేటప్పుడు చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు బేరం ఆడతావా? ఊరికే ఇచ్చేస్తావు. నీ గురించి నాకు తెలీదా?" నవ్వావు. నాకు నవ్వు రాలేదని చూసి ఆపేశావు.

"పాసులు?"

"ఈ ఏడు మిర్చి రేటు చూశావుగా, ఎట్లా పడిపోయిందో. రైతు టికెట్ కట్టగలడా? నా బళ్ళకి టికెట్ లేదు కాబట్టి కిరాయి తగ్గించాను. లాభం రైతుకేగా?"

"నిండుగా వస్తే సగం టికెట్టే పడుద్ది. పది మంది సరుకు కలిపితే రైతుకి నువ్విచ్చే దానికంటే తక్కువే అవుద్ది. నువ్వు ఖాళీ బళ్ళు తిప్పుతున్నావు."

"నువ్వు కూడా కమిటీ భాష నేర్చావురా!"

నువ్వే నేర్పావు.

"పిడికిలి మూశావు" అన్నాను.

నువ్వు లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చావు. కండువా తీశావు. నా చేతి మీద కప్పి, వేళ్ళు పట్టుకుని, తక్కువ గొంతుతో చెప్పావు. నా బండి నాకే తిరిగిస్తావట, ఊరికే. దానికో పాసు. ఏప్రిల్ మీటింగులో నేను నోరు మూసుకుంటే చాలట. నా అరచెయ్యి నొక్కబోయావు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కాదనలేదు. అవుననలేదు. "ఆలోచిస్తా" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. కొట్టులోంచి బయటికి వచ్చాక కూడా నా వేళ్ళ మీద నీ వేళ్ళ వెచ్చదనం ఉంది. దాని మీదే కోపం వచ్చింది.

సిద్దికాకి ఏమీ చెప్పలేదు. కండువా కింద మాట పెళ్ళానికైనా చెప్పకూడదు. చెప్పినవాడితో మళ్ళీ ఎవడూ చెయ్యి కలపడు. మా నాన్న నేర్పిన వ్యాపారం మొత్తం ఆ ఒక్క మాటే. ఈ నోట్సు లెక్కలోకి వస్తుందా? చదివేవాడు లేడు కాబట్టి రాదనుకుంటా.

మార్చి 10

బండి ఊరికే ఇస్తానన్నావు. పిల్లల చదువులు ఉన్నాయి. ఆలోచించడంలో తప్పులేదు.

మార్చి 17

అందరికీ తెలిసిపోయింది. పాసు లేని డీజిల్ వాళ్ళు టికెట్ కట్టడం మానేసి గేటు దగ్గర గొడవకి దిగుతున్నారు. "ఆళ్ళకి లేనిది మాకెందుకు?" అంటే అల్లాబక్షు ఏం చెబుతాడు? కర్ర ఎత్తేస్తున్నాడు. రోడ్డు మళ్ళీ పోయినేటి రోడ్డు అయింది. సగం ఖాళీ బళ్ళు, హారన్లు, పొగ.

నా బ్యాటరీ ట్రాలీ ఇవాళ ఒక్క ట్రిప్పు తిరిగింది.

సాయంత్రం జాన్‌బీ అక్కని ఇంటి దగ్గర దింపాను. దారిపొడుగునా దగ్గింది. ఇఫ్తార్‌కి నీళ్ళు తాగాక కాస్త తేరుకుని, "ఒరేయ్ వలీ, ఆ రెండో దగ్గు మళ్ళీ వచ్చిందిరా" అంది. చుట్టం వచ్చినట్టు చెప్పింది.

"పని మానెయ్ అక్కా."

"మానేస్తే నువ్వు పెడతావా? నీ బండే కూర్చుంది."

నవ్వబోయి మళ్ళీ దగ్గింది.

మార్చి 30

ఉగాది. మీ ఇంటి నుంచి పచ్చడి గిన్నె రాలేదు. మీ ఆవిడకి ఒంట్లో బాగోలేదేమో.

మార్చి 31

రంజాన్. ఈసారి రెండు పండగలూ పక్కపక్కనే వచ్చాయి, చూశావా. సిద్దికా సేమ్యా గిన్నె కట్టి, "త్రినాథన్న ఇంటికి" అని చేతికిచ్చింది. బండెక్కాను. గేటు దగ్గర అల్లాబక్షుకి ఇచ్చేశాను. ఖాళీ గిన్నె తెచ్చి, "బాగుందన్నాడు" అని చెప్పాను. అల్లాబక్షు నిజంగానే అన్నాడు.

ఏప్రిల్ 6

నెమ్మదిగా రాస్తాను.

మీటింగు బడి ఆవరణలో పెట్టారు. డీజిల్ వాళ్ళు, రైతులు, షెడ్ల ఆడవాళ్ళు అందరూ వచ్చారు. సర్పంచ్ నోరు తెరవకముందే అరుపులు. "పొగ టికెట్ ఎత్తెయ్యాలి!" వెంకయ్యగారు కూడా అరిచారు. ఆయన్ని అట్లా ఎప్పుడూ చూడలేదు.

నువ్వు లేచావు. తెల్ల చొక్కా, భుజాన కండువా. "రైతు కష్టం చూసి నా మనసు కరిగింది. టికెట్ తెచ్చింది మనమే, తీసేద్దాం" అన్నావు. చప్పట్లు. నాకు అప్పుడు అర్థమైంది. నీకు పాసుల అవసరం కూడా తీరిపోయింది. తొమ్మిది బళ్ళూ చవగ్గా వచ్చేశాయి. ఇంక టికెట్ ఉంటే ఎంత, పోతే ఎంత. పోతే ఇంకా మంచిది. నువ్వు పేదల పక్షం అయిపోతావు.

నేను లేచాను. లేవాలని అనుకోలేదు. జాన్‌బీ అక్క వెనక వరసలో దగ్గుతోంది, ఆ శబ్దానికి లేచాను.

"వెంకయ్యగారూ, టికెట్ మీ మిరపకాయలకి కాదండి. ఖాళీగా తిరిగే పొగకి. జనవరిలో మీరు నా బండిలో వేశారు. కిరాయి ఎక్కువైందా?"

"లేదు. తగ్గింది" అన్నాడాయన, గొణిగినట్టు.

"మరి ఎందుకు మార్చారు?"

"ఇంకా తక్కువకి వస్తానంటే మార్చాను. నీకైతే ధర్మం గుర్తొస్తుంది, నాకు అప్పు గుర్తొస్తుందయ్యా!"

నిజమే అన్నాడు. తల ఊపాను.

అప్పుడు నువ్వు గబగబా నా దగ్గరికి వచ్చి, "మేమిద్దరం మాట్లాడుకుంటామండి" అని అందరికీ వినపడేట్టు చెప్పి కండువా తీసి నా చేతి మీద కప్పావు. జనం ఊరుకున్నారు. కండువా పడితే ఊరుకోవాలి కదా, మన ఆచారం అది. లోపల ఏం కుదిరినా బయటివాళ్ళు అడగకూడదు. అదే నీ ధైర్యం.

నా వేళ్ళు పట్టుకున్నావు. మొదట ఒకటి. తర్వాత రెండు. ఒక బండి కాదు, రెండు ఇస్తానని. నీ చెయ్యి చెమట పట్టి ఉంది త్రినాథూ. ఇన్నేళ్ళలో మొదటిసారి.

ఎడం చేత్తో కండువా లాగేశాను.

అందరి ముందూ మన రెండు చేతులూ బయటపడ్డాయి. నా రెండు వేళ్ళు నీ పిడికిట్లో. ఎవరో ముసలాయన "అల్లా" అన్నాడు. పక్కనాయన "శివశివా" అన్నాడు. మన చొక్కాలు చింపుకున్నా అంత తప్పుగా చూసేవాళ్ళు కాదు.

"ఈ రెండు వేళ్ళు నేను నోరు మూసుకోడానికి రెండు బళ్ళు. కార్తీకంలో పట్టుకున్నవి మూడు వేళ్ళు. మూడు సీజన్లు. ఎవరికీ టికెట్ వదిలేది లేదని ఈ పిడికిలే మూశాడు. ఆ మాట నమ్మి నేను బండి అమ్మాను. కొన్నది వీడు. నాదే కాదు, ఇక్కడ బండి అమ్ముకున్న ప్రతివాడిదీ వీడే కొన్నాడు. ఇప్పుడు టికెట్ ఎత్తేస్తే పొగ మీకు, బళ్ళు వీడికి" అన్నాను.

నువ్వు ఒక్క మాట అన్నావు, నాకు మాత్రమే వినపడేట్టు. "కండువా తీశావు కదరా."

అంతే అన్నావు. చేసిందాని గురించి కాదు. తీసినందుకు.

తర్వాత చాలాసేపు అరుచుకున్నారు. బళ్ళు అమ్ముకున్నవాళ్ళు నీ మీదికి వస్తే నేనే అడ్డం నిలబడ్డాను, అది మాత్రం గుర్తుపెట్టుకో. చివరికి టికెట్ ఉంచారు. పాసులన్నీ రద్దు. ఏ బండికి ఎంతో గేటు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయాలి, నిండు బండికి ఇంకా తగ్గించాలి. ఈ ఆఖరిది వెంకయ్యగారే పట్టుబట్టి రాయించారు.

జాన్‌బీ అక్క నా పక్కన నడుస్తూ, "ఇంక నీతో ఎవడు బేరం చేస్తాడురా?" అంది.

కండువా నా చేతిలోనే ఉండిపోయింది.

ఏప్రిల్ 14

అక్క చెప్పిందే అయింది. అద్దంకి వైపు కల్లాలకి వెళ్ళాను. నలుగురు రైతుల దగ్గర చెయ్యి చాపాను, ఎవరూ కండువా తీయలేదు. ఒకాయన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. వెంకయ్యగారైతే పది అడుగుల దూరం నుంచే, ఊరంతా వినేట్టు, రేటు గట్టిగా అరిచారు. "నీతో ఇంతేనయ్యా ఇంక, దాపరికం లేదు!" పక్కవాళ్ళు నవ్వారు. నేనూ అరిచాను. బేరం కుదిరింది. కుదిరింది గానీ, ఏదో బజార్లో బట్టలు మార్చుకున్నట్టుంది.

ట్రిప్పులు పెరిగాయి. రోడ్డు మళ్ళీ తేలికైంది. నేను సంతోషంగానే ఉన్నాను. సిద్దికాకి అదే చెప్పాను.

"అయితే ఆ మొహమేంటయ్యా?" అంది.

ఏప్రిల్ 21

ఇవాళ నా పాత ట్రాలీ గేటు దగ్గరికి వచ్చింది. నిండా బస్తాలు, పైన తాళ్ళు. స్టీరింగు మీద నువ్వే ఉన్నావు. డ్రైవర్లు మానేశారటగా. నువ్వు కిటికీలోంచి డబ్బులు చాపావు, అల్లాబక్షు టికెట్ చింపాడు, సగం టికెట్. నిండు బండి కాబట్టి. గోడ మీద రాసి ఉన్న రేటు వైపు చూశావు. నా వైపు చూడలేదు.

షెడ్డు ముందు దిగి, రేకు పైకి లేపి, ఎడమ పక్కకి జరిపి దించావు. సొట్ట దగ్గర చెయ్యి ఆగింది నీకు. నేను చూశాను. లేదా ఆగిందని నేనే అనుకున్నానేమో.

ఇన్నాళ్ళూ నీ వైపు నుంచి చాలా వాదించుకున్నాను త్రినాథూ. ఇంక నా దగ్గర మాటలు అయిపోయాయి. నువ్వు చేసింది చిన్నదని ఎంత చెప్పుకున్నా చిన్నది కావట్లేదు. అయినా పొద్దున్నే టీ గ్లాసు పట్టుకోగానే ఫోన్ వైపు చెయ్యి పోతోంది. దాన్నేం చెయ్యను?

నీ కండువా సిద్దికా ఉతికి, మడతపెట్టి పెట్టింది. "ఇచ్చి రాకూడదా" అంటోంది. ఇవ్వను. అది నా దగ్గరే ఉండనీ. నువ్వే రా. మీ కొట్లో వద్దు, తలుపులు ఉంటాయి. గేటు దగ్గర, ఆ గోడ పక్కన, అల్లాబక్షు, ఆడవాళ్ళు అందరూ ఉండగా, పట్టపగలు. చెయ్యి మీద ఏమీ కప్పుకోకుండా రా.

చెప్పరా, ఎప్పుడు కలుద్దాం?